సోమరి ఎవరు?

“ఈ కాలంలో ఎవ్వరికీ పని మీద మనసు లేదు.” ఈ మాట చెవిన పడని రోజంటూ ఉండదు. కైకిలోళ్ళు పొద్దెక్కినాక గాని రారని ఆసామి అంటాడు. గుమస్తాలు కుర్చీల్లో కనపడరని ఆఫీసరు అంటాడు. కార్మికులు నాగాలు పెడుతున్నారని మేనేజరు అంటాడు. విద్యార్థులు చదవరని లెక్చరర్లు అంటారు, లెక్చరర్లు చెప్పరని మనం అంటాం. ఇందులో ఒక గమ్మత్తు ఉంది. ప్రతివాడూ ఎదుటివాడినే సోమరి అంటాడు. తన సంగతి అడిగితే మాత్రం “నాకు అవకాశం లేదు, నా మాట ఎవడు వింటడు?” అంటాడు. ఎదుటివాడిది గుణదోషం, తనది పరిస్థితుల దోషం!

ప్రయోగశాలలో మనం ఇట్లా చెయ్యం. అనుకున్న రసాయనిక చర్య జరగకపోతే పదార్థాన్ని తిట్టం. ఉష్ణోగ్రత సరిగా ఉందా, గాఢత సరిపోయిందా, ఉత్ప్రేరకం వేశామా అని చూస్తాం. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఈ శాస్త్రీయ దృష్టి ఏమైపోతుంది? పరిస్థితులను పరీక్షించకుండానే పదార్థం పనికిరాదని తీర్పు చెప్పేస్తాం. నా వాదన ఒక్కటే. సోమరితనం చాలావరకు మనిషి నెత్తుటిలో లేదు, పనిని కట్టిన తీరులో ఉంది. తన మాట చెల్లని చోట, చేసిన కష్టానికీ వచ్చే ఫలానికీ లంకె తెగిన చోట, ఎవరి చెయ్యీ ఆడదు.

మనిషిని పనికి పురికొల్పేదేమిటని మనస్తత్వ శాస్త్రజ్ఞులు నూరేండ్లుగా తర్కిస్తున్నారు. వాళ్ళ సిద్ధాంతాలు అమెరికా ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పుట్టాయి. వాటిని మన నేల మీద పెట్టి చూడవద్దా? మన కాలేజీలో చాలామందిమి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళమే. 2016 అక్టోబరు 11న ఇవి వేర్వేరు జిల్లాలయ్యాయి. పని గురించి మూడు చోట్లా మూడు పాఠాలున్నాయి. జనగామలో వెట్టి, మహబూబాబాద్‌లో వ్యవసాయం, భూపాలపల్లిలో బొగ్గు.

మొదటి పాఠం వెట్టి. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి సుమారు 40 వేల ఎకరాలు, 60 గ్రామాల మీద పెత్తనం ఉండేవని పోరాట చరిత్రలు చెబుతున్నాయి. ఆ గ్రామాల్లో ప్రతి కులానికీ గడీ పని వంతు ఉండేది. కూలి లేదు, కాదనే హక్కు లేదు. అట్లాంటి పనిని ఎవడైనా ఉత్సాహంగా చేస్తాడా? వెట్టివాడు కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే దొర కంటికి అది సోమరితనంగానే కనిపించి ఉంటుంది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పంట పండించింది. ఆ పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకపోవడానికి వస్తే సంఘం అండతో నిలబడి ఇంటికి చేర్చుకున్నది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. ఆ తరువాత 1951 దాకా సాగిన పోరాటంలో సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాల భూమి పంచారని ఆ పోరాట నాయకులు రాశారు. గడీ ముందు కాళ్ళీడ్చిన మనుషులే తమ చెలక ముందు నడుం కట్టారు. మనుషులు మారలేదు, పని ఎవరిదన్నది మారింది.

ఇక్కడ ఏబ్రహాం మాస్లో గుర్తుకు వస్తాడు. 1943లో ఆయన మనిషి అవసరాలను నిచ్చెన మెట్లలా పేర్చాడు. ముందు కూడు, తరువాత భద్రత, తరువాత నలుగురితో అనుబంధం, తరువాత గౌరవం, చివరకు తనలోని శక్తి పూర్తిగా వికసించడం. కింది మెట్టు తీరినాకే పై మెట్టు మీదికి మనసు పోతుందని ఆయన ఊహ. మరి కడుపు నిండని మనుషులు, ప్రాణానికి భద్రత లేని మనుషులు, నాలుగో మెట్టు మీదున్న గౌరవం కోసం ఎట్లా లేచారు? ఆదర్శం కోసం అన్నీ వదులుకునేవాళ్ళు మినహాయింపులని మాస్లో తానే రాసుకున్నాడు. కాని తాలూకాకు తాలూకాయే మినహాయింపు అయితే, నిచ్చెనను కొంచెం తిరిగి చూడవలసిందే. బువ్వ, గౌరవం మనకు వేర్వేరు మెట్లు కావు. ఒకే విస్తట్లో ఉంటాయి.

సరే, వెట్టి పోయింది, కూలి వచ్చింది. డబ్బు ఇస్తే మనిషి పనిచేస్తాడు గదా అనవచ్చు. ఇది ఫ్రెడరిక్ టేలర్ మార్గం. 1911లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక ఉదాహరణ ప్రసిద్ధం. బెత్లహాం ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసే ఒక కార్మికుడి చేత, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు కూర్చోవాలో పక్కన నిలబడి చెప్పి, రోజుకు పన్నెండున్నర టన్నుల నుంచి 47 టన్నులకు మోయించాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెంచాడు. లెక్క వేసి చూడండి. పని దాదాపు నాలుగింతలైంది, కూలి ఇంతన్నర కంటే కాస్త ఎక్కువ. పైగా ఇట్లాంటి పనికి సరిపోయేవాడు బుద్ధిలో ఎద్దును పోలి ఉంటాడని రాశాడు. వ్యవసాయదారుడి ఇంట పుట్టినవాడిగా నాకు ఒక అనుమానం. టేలర్ ఎన్నడైనా ఎద్దును కట్టినాడా? పొద్దున చేనుకు పోయే ఎద్దు నడక వేరు, పొద్దుగూకి ఇంటిదారి పట్టిన ఎద్దు నడక వేరు. ముల్లుగర్ర ఒకటే. ఎద్దుకు కూడా తనదంటూ ఒక మనసుంది.

టేలర్ మార్గం మన ఊళ్ళల్లోనూ ఉంది. దాన్ని మనం గుత్త అంటాం. రోజుకూలి మీద నాట్లు వేస్తే పని నెమ్మదిగా సాగుతుంది. ఎకరానికి ఇంత అని గుత్తకిస్తే పొద్దు తిరగకముందే మడి నిండుతుంది. మరి ఆసామికి సంతోషమేనా? “గుత్తకు పెడితె నాటు పలుచగ పెడతరు” అని మళ్ళీ గొణుగుడు! డబ్బును దేనికి కడితే అది పెరుగుతుంది, కట్టనిది తరుగుతుంది. ఎకరాలకు కడితే ఎకరాలు పెరిగాయి, ఒబ్బిడి తరిగింది. ఇక నీ నాటుకు నేను, నా నాటుకు నువ్వు అని బదులు పనికి పోయే ఇండ్లల్లో కూలీ లేదు, గుత్తా లేదు. నాటు మాత్రం చక్కగా ఉంటుంది. రేపు ఆమె నా మడిలో దిగుతుందని తెలుసు కాబట్టి.

డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో ఈ తగవును రెండు సిద్ధాంతాలుగా విడదీశాడు. మనిషి సహజంగా పని తప్పించుకునేవాడు, కాపలా ఉండాలి అనేది ఎక్స్ సిద్ధాంతం. తగిన పరిస్థితి ఉంటే బాధ్యతను తానే వెతుక్కుంటాడు అనేది వై సిద్ధాంతం. ఆయన చెప్పిన అసలు సంగతి మరొకటి ఉంది. మనిషిని ఎక్స్‌గా చూసి కాపలా పెడితే, కొన్నాళ్ళకు వాడు ఎక్స్ లాగానే తయారవుతాడు. అప్పుడు యజమాని “చూశారా, నేను చెప్పలేదా?” అంటాడు. దొర చెప్పిన మాటా ఇదే.

రెండో పాఠం మహబూబాబాద్ చేన్లలో ఉంది. మా బాపుకు మస్టర్ లేదు, సూపర్‌వైజర్ లేడు. తెల్లారక ముందే లేచి మిరపతోటకు పోతాడు. ఎవరు పురికొల్పారు? తన చేను, తన నిర్ణయం. ఏ విత్తనం, ఎప్పుడు తడి, ఎప్పుడు మందు అన్నది ఆయనే తేల్చుకోవాలి. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఒండ్రుమట్టిని ట్రాక్టర్ల మీద తమ పొలాలకు తోలుకున్నారు. ఆ మట్టి సత్తువ ఏండ్ల తరబడి ఉంటుంది. మరి కౌలుచేనుకు చెరువుమట్టి తోలేవాడు ఎంతమంది? వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు ట్రాక్టరు కిరాయి ఎందుకు పెడతాడు? 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే అందింది గాని కౌలురైతుకు అందలేదు. అదే మనిషి, అవే చేతులు. తన మడిలో ఒకలాగా, కౌలు మడిలో మరొకలాగా పనిచేస్తే దాన్ని సోమరితనం అందామా, తెలివైన లెక్క అందామా?

ఈ లెక్కనే విక్టర్ వ్రూమ్ 1964లో సిద్ధాంతం చేశాడు. మనిషి మనసులో మూడు ప్రశ్నలు వేసుకుంటాడట. నేను కష్టపడితే పని అవుతుందా? పని అయితే ఫలితం దక్కుతుందా? ఆ ఫలితం నాకు విలువైనదా? ఈ మూడూ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. గణితం తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, గుణకారంలో ఒక్కటి సున్నా అయితే అంతా సున్నాయే. మన బడిగోడల మీద ‘కష్టే ఫలే’ అని రాసి ఉంటుంది. అది సత్యమా కాదా అని వ్రూమ్ అడిగాడన్నమాట. 2021–22లో మిరపకు నల్లతామర పురుగు పట్టింది. రైతు ఎంత కష్టపడినా పూత నిలువలేదు. మొదటి ప్రశ్నే సున్నా అయింది. తరువాత పురుగు తగ్గి, ధర బాగా పలికి, తోటలు మళ్ళీ లేచాయి. 2025 మొదట్లో ధర కూలింది. పంట చేతికొచ్చినా రెండో ప్రశ్న సున్నా. చేనులో రైతు మాటే చెల్లుతుంది, ఏనుమాముల మార్కెట్ యార్డులో మాత్రం చెల్లదు. అందుకే సొంత చేను ఉన్న తండ్రి కూడా కొడుకుతో “నువ్వైతే ఈ మట్టిల పడకు బిడ్డా” అంటున్నాడు. ఆయనకు పని మీద విరక్తి లేదు. పనికీ ఫలానికీ లంకె తెగింది.

ఆ మాట విని మనం పట్నం వచ్చాం. వచ్చి ఏం చూశాం? 2022 అక్టోబరులో గ్రూప్–1 ప్రిలిమ్స్ రాశారు, ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ రాశారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. లైబ్రరీలో తెల్లవార్లూ కూర్చున్నవాడు ఆ మధ్యలో పుస్తకం మూసేస్తే, “ఈ పోరగాండ్లకు పట్టుదల లేదు” అనడం ఎంత సులువు! చేనులో తండ్రికి జరిగిందే లైబ్రరీలో కొడుకుకూ జరిగింది.

మూడో పాఠం భూపాలపల్లి. ఇక్కడ కాకతీయ గనుల్లో వేలమంది మూడు షిఫ్టుల్లో దిగుతారు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో, పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి ఒక భేదం చూపించాడు. జీతం, పై అధికారి తీరు, పనిచేసే చోటు వంటివి బాగాలేకపోతే అసంతృప్తి పుడుతుంది. కాని అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. సాధించామన్న తృప్తి, గుర్తింపు, బాధ్యత, పనిలోని రుచి ఇవే ఉత్సాహాన్నిస్తాయి. మాట నిజమే. అయితే ఆయన అడిగింది బల్ల ముందు కూర్చునేవాళ్ళను. నెత్తి మీద గని పైకప్పు వేలాడేవాడికి భద్రత చిన్న సౌకర్యం కాదు, పనిలో అది సగభాగం.

సింగరేణిలో 1990ల చివర నుంచి లాభాల్లో కార్మికులకు వాటా ఇస్తున్నారు. 2023–24 లాభంలో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు, పంచుతున్నట్టు 2024 సెప్టెంబరులో ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి 1.90 లక్షలు. ఇది మన దేశంలో మెచ్చుకోదగిన పద్ధతి. బొగ్గు ఎవరు తవ్వారో వారికి లాభంలో భాగం. అదే ప్రకటనలో, మొట్టమొదటిసారిగా, కాంట్రాక్టు కార్మికులకు కూడా ఇచ్చారు. తలకు 5,000 రూపాయలు! 1963లో స్టేసీ ఆడమ్స్ అనే శాస్త్రజ్ఞుడు, మనిషి తన జీతాన్ని ఒంటరిగా చూసుకోడని రాశాడు. తాను పెట్టిన శ్రమకు, తనకు దక్కినదానికి ఉన్న నిష్పత్తిని పక్కవాడి నిష్పత్తితో పోల్చుకుంటాడు. తేడా కొడితే శ్రమ తగ్గిస్తాడు, లేదా పోట్లాడతాడు, లేదా వెళ్ళిపోతాడు. ఆ 5,000 అంతకుముందు లేనిదే, సంతోషించాలి గదా అంటే ఆడమ్స్ నవ్వుతాడు. 1.90 లక్షల పక్కన పెట్టి చూసినప్పుడు అది బహుమతిగా కనపడదు, కొలతగా కనపడుతుంది. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు వేతనాల కోసం సమ్మె చేసినప్పుడు వాళ్ళు అడిగింది డబ్బే కావచ్చు. డబ్బు వెనుక “మేమూ ఈ గని మనుషులమే” అన్న మాట ఉంది.

ఇంతవరకు విదేశీ సిద్ధాంతాలను మన నేల మీద పెట్టి చూశాం. ఒక సిద్ధాంతాన్ని మాత్రం దాని కర్తే తెలుగునేల మీదికి తెచ్చి పరీక్షించాడు. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సుమారు పదిరోజుల శిక్షణ ఇప్పించాడు. కొందరిలో ‘సాధించాలన్న తపన’ ఎక్కువని, దాన్ని నేర్పవచ్చని ఆయన నమ్మకం. అట్లాంటివాళ్ళను గుర్తుపట్టడానికి రింగులు విసిరే ఆట ఒకటి చెబుతాడు. కొయ్యకు మరీ దగ్గర నిలబడితే గెలుపులో రుచి లేదు, మరీ దూరం నిలబడితే అదృష్టమే దిక్కు. తపన గలవాడు మధ్యన నిలబడతాడు. గోటీలాట ఆడినవాళ్ళకు ఇది కొత్తకాదు. శిక్షణ పొందినవాళ్ళు తరువాతి కాలంలో, పొందనివాళ్ళ కంటే ఎక్కువ చురుకుగా వ్యాపారాలు పెంచారని, పూజలూ ఆచారాలూ పాటించడం అందుకు అడ్డు రాలేదని 1969 నాటి పుస్తకంలో తేల్చారు. మనవాళ్ళు మతాచారాల వల్ల వెనకబడ్డారనే పాత వాదానికి అది మంచి జవాబు. కాని నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది ఇంకొకటి. శిక్షణ ఫలితం ప్రధానంగా తమ వ్యాపారంలో తామే నిర్ణయం తీసుకోగలిగినవాళ్ళలో కనిపించింది. తపన ఎంత రగిలించినా, నిర్ణయం చేతిలో లేనివాడు ఏం చేస్తాడు? పొయ్యిలో నిప్పు ఉంది గాని పొయ్యి మీద కుండ లేదు.

“ఇవన్నీ సరే, ఎంత చేసినా పనిచెయ్యనివాళ్ళు కొందరు ఉండరా?” అని పెద్దలు అడుగుతారు. ఉంటారు. నేను కాదనను. స్వేచ్ఛ ఇస్తే దుర్వినియోగం చేసేవాడూ ఉంటాడు. అయితే ప్రయోగం పద్ధతి ప్రకారం చెయ్యాలి గదా. ముందు పరిస్థితి సరిచేసి, ఆ తరువాత కూడా కదలనివాడిని వేరు చెయ్యాలి. మనం ఆ మొదటి మెట్టు ఎక్కకుండానే తీర్పు రాసేస్తున్నాం. ఒకరిద్దరు తప్పించుకుంటారన్న భయంతో వందమందికి కాపలా పెడితే, ఆ వందమంది తెలివి కాపలా తప్పించుకోవడానికే ఖర్చవుతుంది.

మన చదువే చూద్దాం. ఎడ్వర్డ్ డెసి 1971లో ఒక ప్రయోగం ప్రచురించాడు. కొందరు విద్యార్థులకు ముక్కలు పేర్చే పజిల్ ఇచ్చి, ఒక గుంపుకు మధ్యలో డబ్బు ఇచ్చి తరువాత ఆపేశాడు. డబ్బు రుచి చూసినవాళ్ళు ఆ తరువాత ఖాళీ సమయంలో పజిల్‌ను ముట్టుకోవడం తగ్గించారు. ఆటగా ఉన్నది కూలి అయిపోయింది. తరువాత ఆయన, రిచర్డ్ ర్యాన్ కలిసి మనిషికి మూడు కావాలన్నారు. తన ఇష్టానికి చోటు, చేతనవుతుందన్న నమ్మకం, తనవాళ్ళన్న అనుబంధం. జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ తేల్చే కళాకారుడి పనిలో ఈ మూడూ ఉన్నాయి. మన ప్రాక్టికల్ రికార్డులో ఎన్ని ఉన్నాయి? ఫలితం ముందే తెలిసిన ప్రయోగం, పోయినేటి రికార్డు చూసి ఎక్కించే రీడింగులు, సంతకం, మార్కులు. ఇది ఏ ఒక్క కాలేజీ సంగతో కాదు. కష్టపడి మార్కులు తెచ్చుకున్నవాడే సెలవుల్లో పుస్తకం తెరవకపోతే ఆశ్చర్యపోవడం ఎందుకు?

కాబట్టి మిత్రులారా, మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏడాదికి ఒక్క ప్రయోగమైనా విద్యార్థులే ప్రశ్న ఎంచుకుని చేసేట్టు చూడమని లెక్చరర్లను అడుగుదాం. మా ఊరి చెరువుమట్టిలో సత్తువ ఎంత, మా బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత అని కొలవడానికి ఎవరూ హాజరు వెయ్యనక్కరలేదు. విద్యార్థి సంఘం తన కమిటీల్లో మొదటి సంవత్సరం వాళ్ళకు కుర్చీలు మోసే పని మాత్రమే ఇచ్చి, నిర్ణయాలు పెద్దలకే ఉంచుకుంటే, రేపు “జూనియర్లు రావడం లేదు” అనే అర్హత మనకు ఉండదు. ఇక ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో ఎందరో నేడు కుర్చీలో ఉన్నారు. వారికి ఒక మనవి. మీ కింద పనిచేసే అటెండరు, కాంట్రాక్టు ఉద్యోగి, మీ పొలంలో కైకిలికి వచ్చే అక్క పని సరిగా చెయ్యడం లేదనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పనిలో వాళ్ళ మాట ఎక్కడైనా చెల్లుతున్నదా? చేసినదానికీ వచ్చేదానికీ లంకె ఉందా? పక్కవాళ్ళతో పోల్చుకున్నప్పుడు అది న్యాయంగా కనిపిస్తుందా?

ఈ మూడింటికీ ‘అవును’ అని జవాబు వచ్చిన తరువాత కూడా ఎవరైనా చేతులు ముడుచుకుని కూర్చుంటే, అప్పుడు వాళ్ళను తప్పకుండా సోమరి అందాం. నా లెక్క ప్రకారం ఆ జాబితా చాలా చిన్నదిగా ఉంటుంది.